మొదటి ఆరు సెకన్లు

నాది కళ్ళజోళ్ళ దుకాణం. శ్రీకాకుళంలో పాత బస్టాండు నుంచి ఏటి వైపు దిగే సందులో, ఒక టైలరుకీ అనంతకృష్ణకీ మధ్య ఇరుక్కుని ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను. టైలరు పొద్దున్నే పాటలు పెడతాడు. వాటిని తగ్గించమని చెప్పడానికి అనంతకృష్ణ నన్ను పంపిస్తాడు. తను వెళ్ళడు. మనిషికి గొడవ పడటం చేతకాదు, పడేవాణ్ణి పక్కన పెట్టుకోవడం మాత్రం బాగా వచ్చు.

అతని గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నేను కళింగపట్నం వాణ్ణి. మా నాన్న ఎర్రన్న సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు. మా ఇంటా వంటా సంగీతం లేదు. కానీ అతని గురువుగారి పాటల టేపుల్ని సముద్రంలోకి తీసుకెళ్ళిన పడవ మాట్లాడింది నేనే కాబట్టి ఇందులో నాకూ భాగం ఉంది. చాలా కోపంగా ఉంది. ఎవరి మీదో తేల్చుకోలేక రాస్తున్నాను.

అనంతకృష్ణది విజయనగరం వైపు. తాతగారు గుడిలో సేవగా పాడేవారట. తొమ్మిదో ఏట ఇతన్ని తీసుకొచ్చి శ్రీకాకుళంలో అప్పలనరసింహం గారి దగ్గర గాత్రానికి పెట్టారు. పదకొండేళ్ళు నేర్చుకున్నాడు. పదహారో ఏట మారిన గొంతు మాత్రం మళ్ళీ కుదురుకోలేదు. గురువుగారే ఒకరోజు కూర్చోబెట్టి, "నీకు దేవుడు చెవి ఇచ్చాడు గానీ గొంతివ్వలేదు నాయనా. చెవితోనే బతుకు," అన్నారట. అలాగే బతికాడు. మొదట క్యాసెట్ల దుకాణం, తర్వాత పెళ్ళి క్యాసెట్లను సీడీల్లోకి ఎక్కించడం, ఆ తర్వాత పెన్‌డ్రైవులు, పాడైన స్పీకర్లు. యాభై నాలుగేళ్ళొచ్చినా పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, ఫ్యాను చప్పుడే భరించలేనివాణ్ణి అంటాడు.

కొన్నేళ్ళుగా అతని దగ్గరికి ఇంకో రకం మనుషులు వస్తున్నారు. హై రెజల్యూషన్ పాటల ఫైళ్ళు కొనుక్కుని వినే పిచ్చివాళ్ళు. విశాఖ నుంచి కొందరు, గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసే ఇంజనీరు ఒకాయన. వీళ్ళ బాధ ఏమిటంటే ఆ ఫైళ్ళలో నకిలీవి ఉంటాయి. మామూలు ఎంపీత్రీని తీసుకుని పెద్ద ఫైలుగా మార్చి అమ్మేస్తారు. గ్లాసుడు మజ్జిగలో నీళ్ళు పోసి చెంబెడు చేసినట్టన్నమాట. చెంబు నిండుతుంది, మజ్జిగ పెరగదు. అసలో నకిలీయో తేల్చి చెప్పడం అనంతకృష్ణ పని. అందుకు కంప్యూటర్లో స్పెక్ట్రమ్ బొమ్మ వేసి చూస్తాడు. బొమ్మలో కింద బరువైన శబ్దాలు, పైకి వెళ్ళేకొద్దీ సన్నవి. శబ్దం ఉన్నచోట వెలుగు, లేనిచోట నలుపు. ఎంపీత్రీ నుంచి పెంచిన ఫైలైతే పదహారు వేల హెర్ట్జ్‌ల దగ్గర స్కేలు పెట్టి కోసినట్టు పైనంతా నల్లగా ఉంటుంది. "ఇది దొంగది," అని ఫైలు వెనక్కిచ్చేస్తాడు. ఆ మాట అనేటప్పుడు అతని ముఖంలో ఒక గర్వం ఉండేది. ఉండేది అని రాయాల్సి వస్తోంది.

అప్పలనరసింహం గారు పోయి పద్నాలుగేళ్ళయింది. ఈ రెండు జిల్లాల అవతల ఆయన పేరు ఎవరికీ తెలియదు. గుళ్ళలో పాడారు, పెళ్ళిళ్ళలో పాడారు, పిల్లలకు నేర్పారు. ఒక శిష్యుడి దగ్గర స్పూల్ టేపు మిషను ఉండటంతో పంతొమ్మిది కచేరీలు రికార్డయ్యాయి. అన్నింటిలోనూ వెనక తంబుర ఆయన భార్య రాజ్యలక్ష్మి గారిది. నలభై ఏళ్ళు ఆయన వెనక కూర్చుని తంబుర మీటారు. "నడిమి వేలితో ఒక తీగ, చూపుడు వేలితో మూడు తీగలు. మూడు గంటల కచేరీలో ఒక్కసారి తడబడలేదు హరీ," అని అనంతకృష్ణ ఎన్నిసార్లు చెప్పాడో.

ఆయన పోయిన ఏడే ఆ టేపులకు బూజు పట్టింది. మా ఊళ్ళ వానలకు బట్టలే బూజు పడతాయి, టేపులు ఆగుతాయా. పెట్టె తెరిస్తే పులిసిన వాసన. అనంతకృష్ణ విశాఖ నుంచి ఒక పాత మిషను ఎరువు తెచ్చి, టేపులు ఒక్కొక్కటీ మెత్తటి గుడ్డతో తుడిచి, నలభై రోజులు కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఎక్కించిన తర్వాత వాటిలోని బుస్సుమనే మోత తీసేసి శుభ్రం చేశాడు. ఆ పనిని అతను కడగడం అనేవాడు. మొత్తం ఒక చిన్న డబ్బాలోకి ఎక్కించి రాజ్యలక్ష్మి గారికి ఒక స్పీకరుతో సహా ఇచ్చాడు. ఆవిడ పొద్దున్నే పెట్టుకుని వినేవారు.

ఎక్కించాక మిగిలిన ఆ పాత టేపుల్ని ఏం చెయ్యాలన్నది సంవత్సరీకం నాటికి వచ్చిన ప్రశ్న. ఆ ఇళ్ళలో చిరిగిన పూజ పుస్తకాలు, చెదలు పట్టిన దేవుడి పటాలు చెత్తలో పడెయ్యరు, పారే నీళ్ళలో వదులుతారు. ఆయన గొంతున్న టేపుల్ని మాత్రం చెత్తబండికి ఎలా ఎత్తుతారు? అస్థికలు కలిపింది కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసేచోట. టేపులు కూడా అక్కడే అన్నారు రాజ్యలక్ష్మి గారు. నేను మా బావ ఎల్లాజీ పడవ మాట్లాడాను.

జీవితంలో పడవెక్కని ఆవిడ ఆరోజు ఎక్కారు. ఒళ్ళో గుడ్డసంచి. కెరటాలు దాటాక ఎల్లాజీ ఇంజను ఆపాడు. ఆవిడ సంచి విప్పి, చేయి లోపల పెట్టి, అనంతకృష్ణ వైపు చూసి అడిగారు.

"అన్నీ ఎక్కాయా నాయనా?"

"అన్నీ కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయమ్మా. ఇంక వీటితో పని లేదు."

ఆ మాట నా చెవులతో విన్నాను. ఆవిడ ఒక్కొక్క టేపునూ కళ్ళకద్దుకుని నీళ్ళలో వదిలారు. ఒకదాని చుట్ట ఊడి గోధుమరంగు రిబ్బను బారలు బారలుగా తేలింది. ఎల్లాజీ, "ఏసింది ఏసినారు గానీ దారం ఇప్పకండమ్మా, ఇంజను పంకాకి సుట్టుకుంటాది," అని కసిరాడు. ఎవరితో ఎలా మాట్లాడాలో తెలియని మనిషి అని నేను వాణ్ణి తిట్టాను.

ఇక నిరుడు సంగతి. గురువుగారి అమ్మాయి విశాలి ఇక్కడే బళ్ళో టీచరు, తల్లిని తన దగ్గరే ఉంచుకుంది. ఆ అమ్మాయికి చెన్నైలోని ఒక సంగీత భాండాగారం గురించి తెలిసింది. పెద్ద పేరు రాని విద్వాంసుల రికార్డింగులు సేకరించి, అందరూ వినేలా శాశ్వతంగా ఉంచుతారట. ఫైళ్ళు హై రెజల్యూషన్‌లోనే ఉండాలి. అనంతకృష్ణ అప్పట్లోనే సెకనుకు తొంభై ఆరు వేల నమూనాల మీద ఎక్కించాడు కాబట్టి ఆ దిగులు లేదు. ఫారం తనే నింపాడు. గాత్రం, వయొలిన్, మృదంగం, తంబుర. తంబుర పక్కన 'శ్రీమతి రాజ్యలక్ష్మి' అని రాసి, నాకు చూపించి మరీ మురిసిపోయాడు. ఆవిడ పేరు ఒక కాగితం మీద పడటం అదే మొదటిసారట. ఆవిడకప్పుడు డెబ్బై తొమ్మిది. అమ్మ ఉండగా ఇది జరిగిపోవాలని విశాలికి ఒకటే తొందర.

నెల తర్వాత జవాబు వచ్చింది. విశాలి దాన్ని పట్టుకుని నేరుగా దుకాణానికి వచ్చింది. అందులో రెండే సంగతులు. ఒకటి, ఈ ఫైళ్ళు చిన్న ఫైళ్ళ నుంచి పెంచినట్టు కనిపిస్తున్నాయి, పదిహేను వేలకు పైన ఏమీ లేదు, కాబట్టి తీసుకోలేము. రెండు, ఫారంలో రాసిన తంబుర ఏ ఫైల్లోనూ వినబడటం లేదు, సరిచేసి పంపండి.

రెండో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మొదటిదాన్ని అనంతకృష్ణ రెండుసార్లు చదివాడు.

"నేను దొంగ ఫైలు పంపానంటారా? నేను? ఒరే హరీ, వీళ్ళకి నేనెవరో తెలుసా?"

"తెలీదు కదా పంతులూ. తెలిస్తే అడుగుతారేటి?" అన్నాను. కోపంలో ఉన్నవాడికి చల్లగా మాట్లాడటం నాకు రాదు.

"తంబుర వినబడట్లేదంట. చెవులా అవి, చాటలా?" అని ఆ కాగితం బల్ల మీదికి విసిరాడు. విశాలి దాన్ని తీసి మడత పెట్టి అక్కడే ఉంచి, "మీరెలాగైనా చూడండి అన్నయ్యా," అని బడికి వెళ్ళిపోయింది.

ఆరోజు నుంచి అతనికి ఇదే పని. తను నకిలీ పంపలేదని రుజువు చెయ్యాలి. నోటితో చెప్తే చెల్లదు, బొమ్మతో చూపించాలి. అతని కంప్యూటర్లో స్పెక్ట్రమ్ చూసే సాఫ్ట్‌వేర్లు మూడున్నాయి. వాటికి ఇంగ్లీషు పేర్లున్నాయి గానీ నేను నా పేర్లు పెట్టుకున్నాను. మొదటిది ఫోటోగ్రాఫరు. ఫైలు పడేస్తే నిమిషంలో గంట కచేరీ మొత్తం ఒక్క బొమ్మ కింద వేసి చేతిలో పెడుతుంది, అంతకుమించి ఏమడిగినా పలకదు. రెండోది మేజిస్ట్రేటు. బొమ్మా గిమ్మా ఉండవు, లెక్కలు కట్టి అసలు, నకిలీ అని తీర్పు చెప్తుంది, కారణం చెప్పదు. మూడోది భూతద్దం. నేర్చుకోవడానికి నానా చావూ చావాలి, తెర నిండా మీటలు. ఇన్నేళ్ళూ అతను మొదటి రెండింటితోనే కాలక్షేపం చేశాడు.

ఫోటోగ్రాఫరులో గురువుగారి ఫైలు వేశాడు. పైనంతా నలుపు. మేజిస్ట్రేటుకిచ్చాడు. నకిలీ అంది. పంతొమ్మిదీ ఇచ్చాడు. పంతొమ్మిదీ నకిలీ. రిపోర్టు బాగాలేదని ఒక ల్యాబు నుంచి ఇంకో ల్యాబుకి తిరిగే రోగుల్ని చూశాను నేను, నా దగ్గరికే వస్తారు, అద్దాలు మారిస్తే శుక్లం పోతుందేమోనని. ఇతని ముఖంలో ఆ చూపే కనిపించింది. "నేను ఎక్కించింది నాకు తెలీదా?" అని గొణుక్కుంటూ కూర్చునేవాడు. భోజనానికి లేవమంటే విసుక్కునేవాడు.

చివరికి పద్ధతిగా ఆలోచించాడు. ముందు ఈ మూడింటిలో ఏది నిజం చెప్తోందో తేల్చాలి. తూకంరాళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూడకుండా సరుకును అనడమెందుకు? టైలరు దగ్గరికి నన్ను పంపాడు, ఈసారి పాట ఆపించడానికి కాదు, కత్తెర తెమ్మని. ఆ కత్తెర గుడ్డ మీద కచకచమనే చప్పుడును మైకు పెట్టి తొంభై ఆరు వేల మీద రికార్డు చేశాడు. దాన్నుంచి మూడు ఫైళ్ళు తయారుచేశాడు. ఒకటి అసలుది. రెండోది ఎంపీత్రీ చేసి తిరిగి పెంచిన దొంగది. మూడోది, గురువుగారి టేపుల్ని కడిగినట్టే కడిగింది.

ఫోటోగ్రాఫరు దొంగదానికీ కడిగినదానికీ తేడా చూపించలేకపోయింది. రెండింటికీ పైన నలుపే. మేజిస్ట్రేటు రెండింటికీ ఒకే శిక్ష వేసింది. భూతద్దం ఒక్కటే, ఒక్క సెకనును తెర నిండా సాగదీసి చూస్తే, తేడా చెప్పింది. కడిగిన ఫైల్లో మోత పోయి పైన నల్లబడింది నిజమే గానీ, కత్తెర పడ్డ ప్రతిసారీ ఒక సన్నటి వెలుగు గీత ఆ నలుపును చీల్చుకుని పైదాకా వెళ్ళింది. దొంగ ఫైల్లో ఆ గీత పదహారు వేల దగ్గర తల తెగి ఆగిపోయింది.

అది నేర్చుకోవడానికి అతనికి తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు పొద్దున్న నా దుకాణంలోకి వచ్చి, ఒక ముసలాయన కళ్ళు పరీక్ష చేస్తుంటే చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

"నువ్వు కళ్ళు చూసేవాడివి కదా, చూడు. ఏటి కనబడతంది?"

గురువుగారి కచేరీలో ఒక్క సెకను. మృదంగం దెబ్బలు. ప్రతి దెబ్బకూ ఒక వెలుగు గీత పదహారు వేలు దాటి, ఇరవై వేలు దాటి నిక్కచ్చిగా నిలబడి ఉంది.

"గీతలు పైకెళ్తన్నాయి పంతులూ."

"వెళ్తన్నాయి కదా! తల తెగలేదు కదా! నాది దొంగ ఫైలు కాదురా. కడగడం వల్ల నల్లబడింది గానీ, అసలుదే!" అని నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. కళ్ళల్లో నీళ్ళు. ఆ టైలరుకి కూడా టీ చెప్పాడు. ఇరవై రెండేళ్ళలో అతన్ని అంత సంతోషంగా నేను చూడలేదు. ఆ కథ అక్కడే ఆగిపోయి ఉంటే నేనిది రాసేవాణ్ణి కాదు.

ఉత్తరంతో పాటు పంపడానికి మంచి బొమ్మ ఒకటి తియ్యాలనుకున్నాడు. భూతద్దంలో ఒక సదుపాయం ఉంది. మిగతా రెండూ పై శబ్దాలకు గది మొత్తం ఇచ్చి, మనిషి గొంతు ఉండే కింది శబ్దాలను అడుగున చిటికెన వేలంత జాగాలో కుక్కేస్తాయి. ఇందులో కొలత మారిస్తే కింది శబ్దాలు విప్పారి తెర అంతా పరుచుకుంటాయి. గురువుగారి గొంతు బొమ్మ అందంగా వస్తుందని కొలత మార్చాడు. నేను అక్కడే టీ తాగుతున్నాను.

గొంతు బొమ్మ నిజంగానే అందంగా ఉంది, వంకులు తిరుగుతూ, వణుకుతూ. కానీ దాని మీద అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొసదాకా, చీపురుపుల్లతో గీసినట్టు నల్లటి గీతలున్నాయి. తిన్నగా. కచేరీ మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా. గొంతు వాటిని దాటిన ప్రతిచోటా అక్కడికక్కడ వెలుగు సన్నబడిపోయింది.

"ఆ గీతలేటి?" అన్నాను.

అతను తెరకు దగ్గరగా జరిగాడు. మళ్ళీ ఫోటోగ్రాఫరు తెరిచాడు, అందులో ఆ గీతలు కనబడలేదు. మేజిస్ట్రేటు తెరిచాడు, అది ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. ఇంకో టేపు వేశాడు. అవే గీతలు. ఇంకోటి. అవే. గీత మీద మౌసు పెట్టి పక్కన వచ్చిన అంకె చూశాడు. గురువుగారిది ఒకటిన్నర శ్రుతి. మొదటి గీత సరిగ్గా ఆయన షడ్జం మీద, అంటే స మీద ఉంది. తర్వాతది పంచమం, అంటే ప. ఆ పైది పై షడ్జం. ఆపైన కూడా అలాగే, మెట్లు మెట్లుగా. బల్ల మీద మడత పెట్టిన ఆ చెన్నై కాగితం విప్పి, రెండో సంగతి మళ్ళీ చదివాడు. తర్వాత లేచి, పట్టపగలు పదకొండింటికి షట్టరు దించేసి ఇంటికెళ్ళిపోయాడు.

మర్నాడు చెప్పాడు. చెప్పడం కాదు, నేను గుచ్చి గుచ్చి అడగగా ఒక్కో ముక్కా వచ్చింది.

టేపు కడిగేటప్పుడు సాఫ్ట్‌వేరు ఒక మాట అడుగుతుంది. పాటేమీ లేని చోటు, ఉత్త మోత మాత్రమే ఉన్న చోటు కొంచెం చూపించమంటుంది. అక్కడున్న మోత ఎలా ఉందో నేర్చుకుని, ఫైలంతా వెతికి అలాంటిదాన్ని తీసేస్తుంది. అనంతకృష్ణ ప్రతి టేపులోనూ మొదటి ఆరు సెకన్లు చూపించాడు. గురువుగారు గొంతెత్తే ముందు ఆరేడు సెకన్లు. అప్పుడు మోగుతున్నది తంబుర, షడ్జ పంచమాల మీద.

"అదెలా చూపించావురా?" అన్నాను. పంతులూ అనడం కూడా మర్చిపోయాను. "చెవి ఉన్నవాడివి కదా నువ్వు! ఆ చెవికేటయింది?"

"నాకది వినబడలేదు హరీ."

"తంబుర వినబడలేదా?"

"తొమ్మిదో ఏట నుంచి తంబుర పక్కన కూర్చున్నవాణ్ణి. మాకు తంబుర శబ్దం కాదురా. ఆయన పాడకపోతే ఉండేది అదే. మీకు ఏమీ వినబడనట్టు మాకు అది వినబడతాది. ఖాళీ ఎక్కడుందా అని వెతికాను. అదే ఖాళీ అనుకున్నాను."

సంగీతం రాని నాలాంటివాడు ఎవడైనా ఆ పని చేసి ఉంటే, ఏదో జుమ్మంటోందని చెప్పి ఆ చోటు వదిలేసేవాడు. పదకొండేళ్ళు నేర్చుకున్నవాడు చేశాడు కాబట్టి ఇలా అయింది. కడగని ఫైళ్ళున్నాయేమోనని అడిగాను. లేవు. డిస్కులో చోటు చాలక కడిగినవాటిని కడగనివాటి మీదే సేవ్ చేశాడు. తంబుర ఒక్కటే పోయినా ఇంత బాధ లేదు, గొంతు కూడా పోయింది. గురువుగారు షడ్జం మీద నిలిచినప్పుడల్లా సాఫ్ట్‌వేరు అదీ తంబురే అనుకుని గొరికేసింది. "వయసు మీద పడి షడ్జం దగ్గర ఆయన గొంతు సన్నబడేదని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పాను. నేనే కోసేసి, నేనే చెప్పాను," అని తల బల్లకేసి కొట్టుకున్నాడు. ఆపడానికి టైలరు కూడా రావలసి వచ్చింది.

ఆ ఆదివారం నన్ను కళింగపట్నం తీసుకెళ్ళమన్నాడు. ఎందుకో నాకు తెలుసు. అర్థం లేని పనని కూడా తెలుసు. అయినా బండి తీశాను. ఒడ్డున ఎల్లాజీ వల బాగుచేసుకుంటున్నాడు, వెనక ఎండు చేపలు ఆరబోసి ఉన్నాయి. అనంతకృష్ణ వెళ్ళి వాడి ఎదురుగా ఇసకలో కూర్చున్నాడు.

"అప్పుడు టేపులు వేసిన చోటు గుర్తుందా ఎల్లాజీ?"

ఎల్లాజీ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

"గురుతుంటే మటుకు ఏటి సేస్తారు పంతులుగారూ? పన్నెండేళ్ళయిపోనాది. ఏరు ఎన్నిసార్లు పొంగింది, ఎన్ని తుపాన్లొచ్చినాయి. ఇనుప లంగరే మిగల్దు అక్కడ."

"వలకి ఎప్పుడైనా ఆ రిబ్బను ముక్క తగిలిందా? చిన్నదైనా?"

ఎల్లాజీ వల కింద పెట్టాడు. ఎప్పుడూ కసిరేవాడు, ఆరోజు కసరలేదు. "నేదు బాబూ," అన్నాడు. అంతే అన్నాడు. అనంతకృష్ణ ఇంకాసేపు అక్కడే కూర్చుని లేచాడు. బండి మీద వెనక కూర్చుని దారి పొడుగునా నా చొక్కా పట్టుకునే ఉన్నాడు. నాకు జాలి వేసింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. అడిగిన దానికి ఆ పడవలో అంత ధీమాగా జవాబు చెప్పినందుకు.

ఇక మిగిలింది రాజ్యలక్ష్మి గారికి చెప్పడం. చెప్పకుండా ఉండిపోవచ్చు కదా అన్నాను. ఫైలు అసలుదని రుజువుంది, పంపితే తీసుకుంటారు, ఆయన పేరు నిలబడుతుంది. ఫారంలో తంబుర గడి ఒక్కటి కొట్టేస్తే సరి. "ఆ గడే కదా హరీ," అన్నాడు.

ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆవిడ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. వేళ్ళు కీళ్ళవాతంతో కణుపులు కట్టిపోయి ఉన్నాయి. గోడకి తంబుర, గుడ్డ తొడుగులో. విశాలి కుర్చీలు వేసింది. అనంతకృష్ణ కుర్చీలో కూర్చోలేదు, ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని మొత్తం చెప్పాడు. ఆరు సెకన్లు, గీతలు, షడ్జం, అన్నీ. ఎక్కడా తనను కాచుకోలేదు. విశాలి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడ వింటూనే ఇంకో రెండు కాయలకు ఈనె తీశారు.

"నాకు తెలుసు నాయనా," అన్నారు.

అతనికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"నువ్వు స్పీకరు తెచ్చి పెట్టిన రోజే తెలిసింది. ఆయన గొంతుంది, మృదంగం ఉంది, నేను లేను. నా చెయ్యి నాకు తెలీదా?"

"మరి చెప్పలేదేమమ్మా? అప్పటికి టేపులున్నాయి కదా! ఒక్క మాటంటే మళ్ళీ ఎక్కించేవాణ్ణి కదా!" అని ఆవిడ పాదాలు పట్టుకున్నాడు.

"నువ్వు తెలిసే తీశావనుకున్నాను. ఆయన పాట కదా అందరికీ కావలసింది. తంబుర దేనికి, అడ్డమని తీసేసి ఉంటావు, కంప్యూటర్లో అలాగే చేస్తారు కాబోలనుకున్నాను. నలభై రోజులు కష్టపడి చేశావు. నేను లేనేమని ఏ ముఖం పెట్టుకుని అడగను?"

ఆవిడ చేతిలో కాయ పక్కన పెట్టారు. మళ్ళీ అన్నారు. "పడవలో నిన్ను అన్నీ ఎక్కాయా అని అడిగాను. ఎక్కాయన్నావు. సరే, ఇక్కడుండేది ఆయనే కదా, నేనున్నది ఈ టేపుల్లోనే కదా అనుకున్నాను. ఆయనతో పాటు ఆ నీళ్ళలోకి నేనూ వెళ్ళినట్టుంటుందని నా చేత్తోనే వేశాను."

అనంతకృష్ణ ఏడ్చాడు. పెద్ద మనిషి అలా ఏడవడం నేను చావు ఇళ్ళల్లో తప్ప చూడలేదు. ఏడుస్తూనే, గోడకున్న తంబుర దింపుతానని, ఇప్పుడు ఒక్కసారి మీటితే రికార్డు చేసి ఆయన పాట కింద కలుపుతానని బతిమాలాడు. ఆవిడ తన వేళ్ళు చూపించారు. "ఇవి తీగ మీద నిలవ్వు నాయనా. కలిపినా అది ఆ రోజుది అవుతుందా?" అన్నారు. తర్వాత ఫారం అడిగారు. విశాలి తెచ్చింది. నేనిచ్చిన కళ్ళజోడే పెట్టుకుని, తంబుర గడి వెతికి, తన పేరు మీద తనే ఒక గీత గీశారు. "వినబడనిది ఉందని రాస్తే తప్పు కదా. పంపించెయ్," అన్నారు. కొట్టివేత తిన్నగా ఉంది.

మృదంగం గీతల బొమ్మ జతచేసి పంపాడు. మూడు వారాలకు జవాబొచ్చింది. పొరపాటు పడ్డామని, ఫైళ్ళు అసలువేనని, ఇంత శ్రద్ధగా నిరూపించినందుకు మెచ్చుకుంటున్నామని రాశారు. గురువుగారి పేరు ఇప్పుడక్కడ ఉంది, వయొలిన్, మృదంగం వాళ్ళ పేర్లతో. విశాలి అందరికీ స్వీట్లు పంచింది. అనంతకృష్ణ ఆ ఉత్తరాన్ని చింపలేదు, దాచుకోలేదు, బల్ల మీద అలాగే వదిలేశాడు. దాని మీద టీ గ్లాసుల మరకలున్నాయి.

ఇప్పుడు ఎవరైనా పాత క్యాసెట్టు తెస్తే కడగడు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించి ఇచ్చేస్తాడు. గరివిడి ఇంజనీరు ఫైలు పంపితే చూడనే లేదు. టైలరు పాటలు పెడితే ఆపమని నన్ను పంపడం మానేశాడు. నేనే వెళ్ళి ఆపించి వస్తే, "ఎందుకురా, ఉండనీ," అన్నాడు. ఈ మాటకు నాకు భయం వేసింది.

కిందటి నెలలో రాజ్యలక్ష్మి గారికి శుక్లం ఆపరేషన్ అయ్యాక కొత్త అద్దాలు ఇవ్వడానికి పొద్దున్నే వెళ్ళాను. స్పీకరులో ఆయన పాడుతున్నారు. ఆవిడ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నారు, నేను వచ్చింది చూడలేదు. కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. కణుపులు కట్టిన వేళ్ళు చీర మీద మెల్లగా కదులుతున్నాయి. నడిమి వేలు ఒకసారి, చూపుడు వేలు మూడుసార్లు. మళ్ళీ నడిమి వేలు. ఎప్పటినుంచి ఇలా అని విశాలిని సైగతో అడిగాను. "స్పీకరు వచ్చిన దగ్గర్నుంచి, రోజూ ఇంతే," అంది.

కళ్ళజోడు బల్ల మీద పెట్టి వచ్చేశాను. అనంతకృష్ణ దుకాణం తెరిచి కూర్చుని ఉన్నాడు. అమ్మగారు ఎలా ఉన్నారని అడిగాడు. బాగానే ఉన్నారని చెప్పాను.